చప్పుడు లేని చదువు

జులై 7
ఈరోజు నుంచి రాసి పెట్టుకోవాలి. ఏడో తరగతి లైబ్రరీ పీరియడ్ నాకు ఉంచాలా, లెక్కల సార్‌కు ఇవ్వాలా అన్నది హెచ్.ఎం. మేడం నెలాఖరుకు తేలుస్తారట. "పిల్లలకు దాంతో ఏం వచ్చిందో చెప్పండి, సునీతా" అన్నారు. ఎదురుగా నిలబడితే నాకు ఒక్కటీ గుర్తురాదు. అందుకే ఈ పేజీలు.

జులై 11
రెండు బీరువాలు, రెండు చాపలు, ముప్పై మంది. అందరూ గొంతెత్తి చదువుతారు... ఒకరి కథలోకి ఇంకొకరి కథ. పక్క గదిలోంచి లెక్కల సార్ రెండుసార్లు తొంగి చూశారు.
పెదవులు కదపకుండా చదవడం నేర్పాను. మొదట అందరూ ఊపిరి బిగబట్టారు, నీళ్లలో మునిగినట్టు. తర్వాత కుదిరింది. పావుగంట! ఫ్యాన్ చప్పుడు వినిపించింది.

జులై 14
స్రవంతి ఇంటికి తీసుకెళ్లిన పుస్తకం వాపసు ఇచ్చింది. నాలుగు పేజీలే చదివిందట. ఎందుకని అడిగితే, "అవ్వ వద్దన్నది, టీచర్" - అంతే. బోధన్ బస్సులో దారంతా అదే ఆలోచన.

జులై 15
అవ్వే వచ్చింది. మరియమ్మ. నాట్ల నుంచి నేరుగా, కాళ్లకు బురదతో.
"పోరి బుక్కు ఒళ్లె వెట్టుకొని ఊకెనే కూసుంటది టీచరమ్మ. సప్పుడు లేదు. గది సదువా?"
లోపల చదువుకుంటుందని చెప్పాను.
"మా పాస్టరయ్య గంత పెద్ద బైబిల్ గట్టిగనే సదువుతడు. ఆయనకు రాదా లోపట సదువుడు?"
చాయ్ ఇప్పించాను. తాగింది. మాట మాత్రం మార్చలేదు.

జులై 16
నవ్వొస్తోంది. మా బాపూ ఇంతే. చెరుకు కొట్టి వచ్చి మంచంలో వాలేవాడు. నా గొంతు ఆగితే చాలు - "సప్పుడు అస్తలేదు. సదువుతున్నవా, పండుకున్నవా?" అక్షరం రాని మనిషి, నా చదువును చెవులతోనే కాపలా కాశాడు. పదో తరగతి దాకా గొంతు బొంగురుపోయేలా చదివాను. అర్థమైందా అని ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.
డిగ్రీ కాలేజీ లైబ్రరీలో మొదటిసారి నోరు మూసుకుని ఒక కథ చదివాను. ఎవరో నాకొక్కదానికే చెబుతున్నట్టు...
మరియమ్మకు ఇది ఎలా చూపించను?

జులై 17
రేపు మధ్యాహ్నానికే నాట్లు అయిపోతాయట. అవ్వను వెంటబెట్టుకు రమ్మని స్రవంతికి చెప్పాను.

జులై 18
వచ్చింది. తోడు ఇంకో ఇద్దరు అవ్వలు. గోడకు ఆనుకుని కూర్చున్నారు. పిల్లలు చదువుతున్నారు. మరియమ్మ చూపంతా మనవరాలి మీదే. ఒక పేజీ తిరిగింది. ఇంకోటి.
ఉన్నట్టుండి స్రవంతి కిసుక్కున నవ్వింది.
అవ్వ ముందుకు వంగి, ఎందుకు నవ్వావని అడిగింది. కథలో మేక హాజరుపట్టీ తినేసిందట, పంతులు ఇక మేకనే ముందర కట్టేసి పేర్లు పిలుస్తున్నాడట. ముగ్గురు అవ్వలూ ఒక్కసారే పగలబడి నవ్వారు.
మరియమ్మ కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది. "సదవకుంటె నవ్వు యాడికెల్లొస్తది, బిడ్డా."

జులై 21
అవ్వల నవ్వుకు పక్క గదిలో లెక్క తప్పిందట. సార్ మేడంకు చెప్పేశారు. మేడం టైంటేబుల్ తీసి చూస్తున్నారట. అదే భయం.
స్రవంతి రెండో పుస్తకం తీసుకెళ్లింది. ఇంట్లో ఒకటే షరతట - నవ్విన చోటల్లా ఆగి అవ్వకు చెప్పాలి.

జులై 22
రేపు పొద్దున మేడం బల్ల మీద పెట్టాల్సిన చీటీ ఇది. మూడుసార్లు కొట్టేసి రాశాను:
మేడం గారికి, మార్కుల్లో చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. 25న చివరి పీరియడ్‌కు మీరే వచ్చి కాసేపు కూర్చోండి. చూశాకే తేల్చండి. అవ్వలు మళ్లీ వస్తామంటున్నారు, ఈసారి ఐదుగురు. వాళ్లను రానివ్వవచ్చా? మీరు వస్తారా? 24 సాయంత్రంలోగా ఒక్క మాట చెప్పగలరు.