విల్లా తీసేసిన రాళ్ళు

మట్టిగుట్టల గుడారం, న్యూ మెక్సికో

అమ్మాయీ లోరా,

మేం ముగ్గురం క్షేమం. టోపీ పెట్టుకోనన్నందుకు విల్లా ముక్కు మాత్రం ఎండకు కమిలింది.

దాని నోట వినేలోగా నేనే రాస్తున్నాను. నిన్న మీ నాన్నను మోకాలి నొప్పితో గుడారం దగ్గరే ఉంచి, మేమిద్దరం గుట్టల్లోకి నడిచాం. అక్కడ ప్రతి గుట్టా ఒకేలా ఉంటుంది కనుక, మలుపు మలుపుకూ గుర్తుగా రాళ్ళు పేర్చుకుంటూ వెళ్ళాను. తిరిగి వస్తూ చూస్తే ఒక్క గుర్తూ లేదు. వెనకాలే నడుస్తూ నీ కూతురు అన్నీ తీసేసింది!

"మనం వచ్చినట్టు కొండకి తెలియకూడదని నువ్వే కదా అన్నావ్, అమ్మమ్మా!" అంది.

"తియ్యాల్సింది తిరిగొచ్చేటప్పుడే, పిచ్చిమొహమా!" అన్నాను.

సీసాలో నీళ్ళు సగమే ఉన్నాయి. దారి వెతుక్కుంటూ తిరగడం ప్రమాదమని దాన్ని నీడలో కూర్చోబెట్టాను. నాలుగింటికి మేం రాకపోతే ట్రక్కు హారన్ కొట్టమని మీ నాన్నకు ముందే చెప్పాను. ఆయన మూడింటికే మొదలుపెట్టి, మేం కనబడేదాకా ఆపలేదు. ఆ మోత వెంటే వచ్చేశాం. నా మాట విననందుకు ఆయన్ని మెచ్చుకోవడం ఇదే మొదలు.

నా టమాటా నారుకు పొద్దున్నే నీళ్ళు పొయ్యి, మధ్యాహ్నం కాదు. మీ నాన్న మోకాలి పట్టీ మా ఇంట్లోనే మరిచాడా?

నువ్వు మళ్ళీ పంపవేమోనని విల్లా బెంగపెట్టుకుంది. తిట్టకు, ఆ పని నేను పూర్తిచేశాను. వచ్చే వసంతంలోనూ నాతోనే పంపు. నేను ఏ గుంటలోంచి తీసిన రాయిని ఆ గుంటలోనే పెట్టిందే అది! ఆ వయసులో నీకంత శ్రద్ధ లేదు.

నిన్నూ అల్లుణ్ణీ దేవుడు చల్లగా చూడాలి.

అమ్మ