కళ్లు చేసే ఆవిడకి ఒక పేజీ

జూలై 14, ఆదివారం

బావగారికి,

మరదలు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా కులాసా. మీరూ అక్కా కూడా కులాసాయేనని నమ్ముతున్నాను. ఈ నమ్మకానికి ఆధారం చూపించమని మాత్రం అడగకండి.

ఫోను ఉండగా కాగితం దేనికని అనుకుంటారేమో. మన ఆన్‌లైన్ విజ్ఞానసర్వస్వంలో పెట్టుడు కళ్లు చేసే ఆవిడ మీద నేను రాసిన వ్యాసానికి మీరు తొలగింపు నోటీసు అంటించారు. నిర్వాహకులు మీరు, నెలాఖరుకల్లా తేల్చేదీ మీరే. చర్చాపేజీలో జవాబు రాస్తే లోకమంతా చదువుతుంది. ఫోను చేస్తే నేను నోరు తెరవకముందే మీరు నియమాలు చదవడం మొదలెడతారు. మనిషిగా వెన్నపూసే గానీ, నియమం దగ్గర కొరకరాని కొయ్య మీరు.

మీరు అడిగినవి రెండు. మూలం ఏది, అంటే ఈవిడ గురించి ఏ పత్రికైనా, పుస్తకమైనా రాసిందా? ఈవిడకూ నాకూ ఏమైనా సంబంధం ఉందా? రెండోదాని సంగతి తర్వాత చూద్దాం.

మొదటిదాని కోసం పోయిన వారం ఆవిడ దగ్గరికే వెళ్లాను. కళ్లజోళ్ల షాపు మీద ఒక్క గది. కిటికీ పక్కన కుర్చీ, బల్ల నిండా రంగులు, వెంట్రుకంత సన్నటి కుంచెలు, ట్రేలో ఇంకా రంగు పడని పెట్టుడు కళ్లు. ప్రమాదంలోనో జబ్బులోనో ఒక కన్ను పోయినవాళ్లను ఆ కుర్చీలో కూర్చోబెట్టి, మిగిలిన కంటిని చూస్తూ దానికి జత గీస్తుంది. మబ్బు పట్టిందంటే ఎవరొచ్చినా సరే, పని ముట్టదు.

ఎర్ర పట్టుదారాన్ని పోగులుగా విడదీసి తెల్లగుడ్డు మీద ఒక్కో పోగూ అతికిస్తుంది. అవే నరాలు. అసలు చిక్కంతా నడిమి కంటిపాపతోనే. నిజం పాప ఎండలో చిన్నదవుతుంది, నీడలో పెద్దదవుతుంది. గీసినది కదలదాయె! అందుకని మనిషిని కబుర్లలో పెడుతుంది. ఏం పని చేస్తావు, ఎక్కడ కూర్చుంటావు, కిటికీ దగ్గరా, గోడ వైపా అని అడుగుతుంది. ఆ మనిషి బతికే వెలుతురుకి సరిపోయేలా పాపని గీస్తుంది.

పేపరువాళ్లు ఎప్పుడైనా రాశారా అని అడిగితే పకపకా నవ్వింది. ఒకాయన వచ్చాడమ్మా, నువ్వు కళ్లు చేసినవాళ్లను ఒక్కరిని చూపించు అన్నాడు, చూపిస్తే ఇక నా పనితనం ఏం ఏడిసింది, పొమ్మన్నాను అంది. వినయం గినయం ఏమీ లేదు సుమండీ! నా అంతటిదాన్ని ఇంకొకర్తెని తీసుకురా, కుంచె పారేస్తాను అంటుంది.

తిరకాసు చూశారా? ఆవిడ పని బాగా కుదిరిందంటే ఎవరికీ తెలియకూడదు. తెలిసిందంటే కుదరనట్టే. ఇక మీరడిగే మూలం ఎక్కడి నుంచి పుట్టుకొస్తుంది?

ఇంకొక సంగతి. కొన్నేళ్ల కిందట ఒకామె ఆ కుర్చీలో కూర్చుని ఏడ్చింది. అమ్మకి రోజులు దగ్గరపడ్డాయి, ఆ రోజు నాకు ఒక్క కన్నే ఎర్రబడితే అందరికీ తెలిసిపోతుంది అంది. ఈవిడ ఓదార్చలేదు. ఆమె ఏడుపు ఆగేదాకా ఆ కంటినే చూస్తూ ఉండిపోయింది. ఆ తర్వాత, రోజూ పెట్టుకునే కన్ను ఉండగానే ఇంకొకటి చేసి ఇచ్చింది. దారాలు మరికొన్ని ఎక్కువ, అంచుల్లో లేత గులాబి. ఏడ్చిన రోజు పెట్టుకోవడానికి! ఇలాంటి ఆలోచన లోకంలో ఎవరికి వస్తుంది చెప్పండి. ఆవిడ చేతులకు దండం పెట్టాలి.

వచ్చే నెల ఆ గది ఖాళీ చేస్తోంది. పని నేర్చుకున్నవాళ్లు ఎవరూ లేరు. ఆ తర్వాత ఇలాంటి మనిషి ఒకరుండేదని చెప్పడానికి ఆ పేజీ తప్ప ఏమీ మిగలదు. సినిమాలో ఒక్కసారి తలుపు తీసి వెళ్లిపోయినాయనకి మన దగ్గర పేజీ ఉంది, ఫొటో ఎక్కించింది నేనే. తప్పులు పట్టడంలో నీవి డేగకళ్లు అని మీరు నన్ను మెచ్చుకుంటారు కదా. ఆ కళ్లతో చూసే చెబుతున్నాను, ఈవిడకు పేజీ ఉండాలి.

ఆపైన మీ దయ. అక్కను అడిగానని చెప్పండి.

ఇట్లు,
మీ మొండి మరదలు

తా.క.: రెండో ప్రశ్న మిగిలిపోయింది. సంబంధం ఉంది. ఉన్నవాళ్లు రాయకూడదన్న నియమమూ తెలుసు, కాబట్టి ఆ వ్యాసం నుంచి నేను తప్పుకుంటున్నాను. ఉంచాలనిపిస్తే మీ చేత్తో మీరే మళ్లీ రాయండి. అక్కకు మొదటినుంచీ తెలుసు, మీతో అనొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను. ఇక మూలం అంటారా, అమ్మ పోయిన రోజు నా పక్కన కూర్చుని, ఊరుకోమ్మా, రెండు కళ్లూ ఎలా ఎర్రబడిపోయాయో చూడు అన్నది మీరే. ఎడమది ఆవిడ చేసింది.