గడప రంగు ఓడ

ఏమయ్యా,

రేపు నీ సంవత్సరీకం. నువ్వు సగంలో వదిలేసి పోయిన కర్ర ఓడ బొమ్మను ఇవాళ నేనూ, నీ చెల్లెలూ కలిసి పూర్తి చేశాం. నాంపల్లిలోని ఈ రెండు గదుల ఇంట్లో, పక్కటెముకలు కనబడే ఓడకు ఇంకెన్నాళ్లు దుమ్ము దులపను?

చెక్కపట్టీలను వేడినీళ్లలో నానబెట్టి వంచాలని నువ్వు అనేవాడివి. నేను ఇడ్లీ కుక్కర్లో ఆవిరి పట్టాను. బుద్ధిగా వంగాయి. కానీ ఒక పక్కంతా అతికించాకే రెండో పక్క మొదలుపెట్టాను. రెండు పక్కలా మార్చి మార్చి అతికించాలని నువ్వెప్పుడైనా చెప్పావా? జిగురు ఆరేసరికి ఓడ ఎడమకు వంకరపోయింది. లప్పం పెట్టి ఉప్పు కాగితంతో ఎంత రుద్దినా నున్నగా అయింది గానీ, తిన్నగా కాలేదు.

"పోనీ తియ్ వదినా, అన్న గూడ గట్లనే ఒక పక్కకు వంగి నడుస్తుండె గద," అంది నీ చెల్లెలు.

ఇద్దరం నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాం. చెక్కపొడి పడిందని ఒకరికొకరం చెప్పుకున్నాం.

"ఇంట్ల నల్ల ఓడ ఏంది వదినా, మంచిది గాదు," అని రంగు దగ్గర మళ్లీ ఆమే అడ్డం పడింది. దసరాకు గడపకు వేయగా మిగిలిన పసుపు రంగు పూసి, ఎర్రచుక్కలు పెట్టాం. ఇప్పుడది సముద్రానికి బయల్దేరిన గడపలా ఉంది.

చూస్తే నువ్వు ఇల్లు పీకి పందిరేస్తావని తెలుసు. అబిడ్స్‌లో మోజుపడి కొన్న నీ నల్లరంగు డబ్బా మూత తీయలేదు. నచ్చకపోతే వచ్చి నువ్వే వేసుకో.