పేరు పెట్టి పిలవాలి

14 జూన్ 1982, సోమవారం

ఈ రోజు మా ఊరి బడిలో మొదటి ఆట పీరియడ్. పెట్టింది నేనే. రాస్తుంటే నాకే నమ్మకం కలగడం లేదు.

నేను ఐదో క్లాసుతో ఆగిపోయినదాన్ని. ఇంటికి ఎవరైనా వస్తే తలుపు వెనక నిలబడి చెంబు అందించేదాన్ని. పోయిన నెల తిరుత్తణి నుంచి ధనమ్మక్క వచ్చింది. వాళ్ళది ఆటల సంఘం. ఊరూరి బడులకు వెళ్ళి పిల్లల చేత ఆడిస్తారు. ప్రతి ఊళ్ళో ఒక ఆడమనిషిని ఆట అక్కగా పెట్టుకుంటారు. మా ఊళ్ళో ఎవరూ ఒప్పుకోలేదు. అక్క మా తిన్నె మీద కూర్చుని, చిన్నప్పుడు నువ్వు ఏం ఆడినావమ్మా అని నన్ను అడిగింది. చెడుగుడు అన్నాను, తలుపు వెనక నుంచే. మా అత్త పగలబడి నవ్వింది. దీనికి నోట్లో మాటే లేదు, ఇంక కూత యాడ పెడతాది అంది.

ఆ మాటకే ఒప్పుకున్నాను.

16 జూన్

బుధవారం. తిరుత్తణిలో సంఘం ఆఫీసులో ట్రైనింగ్. బస్ స్టాండు పక్కన మేడ మీద గది. తాడాట, కోకో, చెడుగుడు అన్నీ మళ్ళీ ఆడించారు. చీర కుచ్చిళ్ళు దోపుకుని పరిగెత్తాను. ఎవరూ నన్ను చూసి నవ్వలేదు.

సంఘంలో పెద్ద రూల్ ఒకటే. పిల్లను పేరు పెట్టి పిలవాలి. ఏయ్, ఓయ్, పొట్టిదానా అనకూడదు. కూతకు ఎవరు పోవాలో అక్కే పిలుస్తుంది, పేరు పిలిచిన పిల్ల గీత దాటుతుంది. లేకుంటే బలంగా ఉండే వాళ్ళే మళ్ళీ మళ్ళీ పోతారు, మిగతావాళ్ళు సుమ్మా, ఊరికే నిలబడి చూస్తారు అంది ధనమ్మక్క.

18 జూన్

ఒక చిక్కు వచ్చి పడింది. ఊరి బయట కాలనీ నుంచి ఐదో క్లాసుకు వచ్చే ఒక పిల్ల ఉంది. సన్నగా ఉంటుంది, కాళ్ళు భూమికి ఆనవు. ఆ పిల్లది మా అత్త పేరు.

మా ఇళ్ళలో కోడలు అత్త పేరు అనదు. మామ పేరు, మొగుడి పేరు కూడా అనదు. రేషన్ కార్డు ఆఫీసులో క్లర్క్ మీ ఆయన పేరేందమ్మా అంటే పక్కింటి అమ్మాయి చేత చెప్పించాను. ఇప్పుడు ఆ పిల్లను ఎట్లా పిలిచేది? ఇక్కడ రాద్దామన్నా పెన్ను ఆగిపోతోంది.

చేత్తో సైగ చేస్తే సరిపోతుంది.

22 జూన్

సైగ సరిపోలేదు. ముగ్గురు లేచారు. నువ్వు కాదు, నువ్వూ కాదు అన్నాను. పిల్లలు పడీ పడీ నవ్వారు. వేరే పేరు పిలిచేశాను. ఆ పిల్ల గీత దగ్గర కూర్చునే ఉంది.

1 జూలై

ఆయనకు చెప్పాను. ఆయన తిరువళ్ళూరు బస్ డిపోలో మెకానిక్. తిరువాలంగాడు వెళ్ళి పొద్దున రైలు పట్టుకునే తొందరలో ఉన్నాడు. దానికేముంది, ఆ పిల్లకు ఇంకో పేరు పెట్టు, రోజా అని పిలువు అన్నాడు.

రోజా అని పిలిచాను. ఆ పిల్ల కదల్లేదు. అది నా పేరు కాదక్కా అంది.

7 జూలై

ఈ రోజు కూడా పిలవలేదు.

9 జూలై, శుక్రవారం

పీరియడ్ అయిపోయాక అందరూ వెళ్ళారు. ఆ పిల్ల వెళ్ళలేదు. నా ఎదురుగా వచ్చి నిలబడింది.

అక్కా, నేను కాలనీ దాన్ననే కదా నన్ను పిలవవు అంది.

కాదమ్మా అన్నాను. మరి ఎందుకు అంది. బడిలో నీళ్ళ కుండ కాడ మమ్మల్ని లాస్ట్‌లో నిలబెడతారు, సరే అని నిలబడతాము, ఆటలో కూడా అంతేనా అంది. ఏడవలేదు. కోపంగా అడిగింది.

నీది మా అత్త పేరు, మేము అనకూడదు అని చెప్పాను. చెబుతుంటేనే నాకు తెలిసిపోయింది, అది ఎంత పసలేని మాటో. ఆ పిల్ల సంచి భుజాన వేసుకుంది. మీ అత్త పేరు మీ అత్త కాడ ఉండనీ, నా పేరు మా అమ్మ పెట్టింది అంది. వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చి పొయ్యి ముట్టించలేకపోయాను. పెద్దవాళ్ళకు ఇచ్చే మర్యాద అనుకుని చేశాను. ఆ బిడ్డ దృష్టిలో నేను కుండ దగ్గర నీళ్ళు పోసే మనిషిని. ఇన్ని దినాలుగా ఆ బిడ్డ గీత దగ్గర కూర్చుని నా నోటి వైపే చూసింది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ముందు నా మీద.

12 జూలై

పిలుద్దామనే వెళ్ళాను. నోరు తెరిచాను. గాలి వచ్చింది, పేరు రాలేదు. ఆ పిల్ల లేచి క్లాసులోకి వెళ్ళిపోయింది.

13 జూలై

చేనులో పంపుసెట్టు ఆడుతుంటే ఆ చప్పుడులో ఆ పేరు అని చూశాను. నాకే వినపడలేదు. మళ్ళీ అన్నాను. మోటారు ఆగిపోయేదాకా అంటూనే ఉన్నాను.

15 జూలై

ధనమ్మక్క వచ్చింది. ఇరవై నాలుగో తేదీ మా బడిలో ఆటల పండగ. పక్క ఊరి బడి పిల్లలు కూడా వస్తారు. ఊరు అంతా చూస్తుంది. ఆడపిల్లల చెడుగుడు ఉంటుంది. ఆ పిల్ల సంగతి అంతా చెప్పేశాను. అక్క నవ్వబోయి ఆపుకుంది. నీకు కష్టమైతే చెప్పు కాంచనా, ఆ రోజుకు పొదటూరుపేట అక్కను పంపిస్తాను అంది.

వద్దన్నాను. నేనే పిలుస్తాను అన్నాను. తర్వాత కాలనీకి వెళ్ళి ఆ పిల్ల ఇంటి ముందు నిలబడి, నువ్వు పండగకు రావాలి, నిన్ను పిలుస్తాను అని చెప్పాను. ఏ పేరుతో అని అడిగింది. నీ పేరుతోనే అన్నాను. చూద్దాం అంది.

20 జూలై

అత్తకు తెలిసిపోయింది. ఆయనే నోరు జారాడు. ఏందే, నా పేరు పెట్టి కాలనీ దాన్ని ఊరి ముందర అరుస్తావంట అని మొదలుపెట్టింది. నా అత్త పోయి ఇన్నేండ్లయినా నేను ఆమె పేరు ఎత్తలేదు అంది. నా పేరు నీ నోట వచ్చిన దినం నుంచి నువ్వు ఈ పొయ్యి ముట్టుకోబాకు అంది. ఆ దినం నేనూ వస్తా, ముందర వరసలో కూర్చుంటా, చూస్తా నీ ధైర్యం అంది.

రండి అత్తా అన్నాను. రసంలో పోపు పెట్టాను. పోపు మాడలేదు.

24 జూలై, శనివారం

రాయాలి. ఇప్పుడే రాయాలి.

బడి ముందు సున్నంతో గీతలు వేశాం. అత్త నిజంగానే వచ్చింది. హెడ్మాస్టర్ పక్కన బెంచీ మీద కూర్చుని వక్కాకు నములుతోంది. ఆడపిల్లలకు చెడుగుడు అవసరమా అని హెడ్మాస్టర్ నసిగాడు. అత్త కూడా తల ఊపింది.

ఆట మొదలైంది. ఒక్కొక్కరినే పిలిచాను. దేవకి వెళ్ళింది, తక్కిన పిల్లలు వెళ్ళారు. పాయింట్లు సమానం. ఆట ముగిసే బెల్లు కొట్టే టైం అవుతోంది. ఒక్క పిల్ల మిగిలింది. గీత మీద కాలు పెట్టి నా వైపు చూస్తోంది. బెంచీ మీద నుంచి అత్త కూడా నా వైపే చూస్తోంది. నమలడం ఆపేసింది.

వరదమ్మా!

అరిచాను. పంపుసెట్టు లేదు. ఊరు అంతటికీ వినపడింది.

వరదమ్మ. వరదమ్మ. ఇప్పుడు పెన్ను ఆగడం లేదు.

ఆ పిల్ల బాణంలా వెళ్ళింది. కూత విడవకుండా ఇద్దరిని తాకింది. తిరిగి వస్తుంటే నలుగురు కాళ్ళు పట్టేశారు. జానెడు దూరంలో గీత. కూత తెగిపోయింది. వరదమ్మా, ఔట్, బయటికి రా అని కూడా నేనే అరవాలి కదా. అరిచాను. జనం గొల్లున నవ్వారు. అత్త లేచి వెళ్ళిపోయింది.

ఓడిపోయాం. వరదమ్మ దుమ్ము దులుపుకుంటూ వచ్చి, ఇంకోసారి పిలువక్కా, ఈ సారి తప్పించుకుంటాను అంది.

ఇంట్లో నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. తిన్నె మీద కూర్చున్నాను. ఆయన డిపో నుంచి వచ్చి విషయం విన్నాడు. నా పళ్ళెం తిన్నె మీదికి తెచ్చి పెట్టాడు. తిన్నాను. తలుపు వెనక తినలేదు, వీధిలోకి చూస్తూ తిన్నాను.

26 జూలై

హెడ్మాస్టర్ అడిగాడు, మీ ఇంట్లో గలాటా అంట కదా, కొన్ని దినాలు మానేస్తారా అని. మానను సార్ అన్నాను. అందరినీ పిలిచాను. మొదటి కూత వరదమ్మది.

29 జూలై

అత్త ఇంకా మాట్లాడటం లేదు. నేను బడి మానలేదు.

30 జూలై

నన్ను బడికి తీసుకువెళ్ళడానికి ఆ పిల్ల వచ్చి వీధి మొదట్లో నిలబడింది. మా వీధిలోకి రాదు. తిన్నె మీద నిలబడి, అన్ని ఇళ్ళకూ వినపడేట్టు పిలిచాను. వరదమ్మా, ఇట్లా రా అని.

వీధి మొదటి నుంచి ఒకరు ఆఁ అని పలికారు. వంటింట్లోంచి ఒకరు.