సీటు మీద తువ్వాలు

బావా,

ఆదివారం మీ షెడ్డుకి వస్తాను. మనం నా కారుకి కొత్త షాకబ్జార్బర్లు, పొట్టి స్ప్రింగులు బిగించినప్పుడు విప్పిన పాతవి ఇంకా అక్కడే ఉంటే ఎవరికీ ఇచ్చెయ్యకు. అవే మళ్ళీ వేసేద్దాం. జాకీ తీసి ఉంచు.

కారులో లోపమేమీ లేదు. మలుపుల్లో రోడ్డుని కరుచుకుని పోతోంది. కిందికి దిగిన ఆ వాలకం చూడ్డానికి వీధిలో జనం ఆగుతుంటే నేనూ ఉబ్బిపోయాను. ఆ రోజు నువ్వు స్ప్రింగు చేత్తో పట్టుకుని, "కారు ఇంత కిందికి దిగితే అత్తయ్య మోకాళ్ళకి ఇబ్బందేమోరా" అన్నావు. "కారేమన్నా మేడా, ఎక్కడానికి?" అని నవ్వేశాను.

ఆ తర్వాత అమ్మ తను కూర్చునే సీటు మీద తువ్వాలు పరుచుకుంది. ఎందుకమ్మా అంటే, "సీటు మాసిపోతుందిరా" అంది. నిన్న కారు తుడుస్తూ ఆ తువ్వాలు ఎత్తాను. కింద మడతపెట్టిన దుప్పటి, దాని కింద పాత దిండు ఉన్నాయి. లేవడానికి ఎత్తు కోసం పెట్టుకుంది బావా. అన్నీ ఉన్నవి ఉన్నట్టే సర్దేశాను.

మళ్ళీ ఎందుకు మార్చారని అమ్మ అడిగితే, ఏదో చప్పుడు వస్తోందని చెబుతాను. నువ్వూ అదే చెప్పు. రోజూ ఆ కారులో తిరిగే మనిషి, ఏ చప్పుడూ లేదని ఆవిడకి తెలుసు. అయినా ఊఁ అంటుంది.

నీ బావమరిది