ఇంట్లో చుక్క

ఈ మట్టిపలక చదివే ఇద్దినం బావా, మా అమ్మ నరామ్తుంను వాకిట్లో కూర్చోబెట్టి, నన్ను మెచ్చుకునే మీ వీధివాళ్ళందరూ వినేలా గట్టిగా చదువు.

అమ్మా, మొన్న నువ్వు అంత దూరం నడిచొచ్చి, రొట్టెల బుట్టతో నేను రాత నేర్పే బడి గుమ్మంలో నిలబడ్డావు. నీ కొండ యాసకు పిల్లలు నవ్వారు. "ఎవరు అయ్యగారూ ఆవిడ?" అన్నారు. "మా దాసి" అన్నాను. అక్కడితో ఊరుకున్నానా? దాసి అనే మాటకు వాడే గుర్తే వాళ్ళచేత రాయించాను: ఆడమనిషి, పక్కన కొండలు. "కొండల అవతలి నుంచి పట్టుకొచ్చిన ఆడవాళ్ళనే, ఈ రాత కనిపెట్టిన పాతకాలపు సుమేరువాళ్ళు దాసీలుగా పెట్టుకున్నారు, అందుకే ఈ రాత" అని నీ ఎదుటే పాఠం చెప్పాను. నిన్నూ అలాగే పట్టుకొస్తే నాన్న విడిపించి పెళ్ళాడిన సంగతి మింగేశాను.

నువ్వు బుట్ట దించి, "రొట్టెలు చల్లారిపోతాయి అయ్యగారూ" అని వెళ్ళిపోయావు.

అయ్యగారూ అన్నావు. పిల్లలకు ఇంకా నిజం చెప్పలేదు, నోరు రావడం లేదు.

బావా, అమ్మ వేలు పట్టుకుని పలక చివరి గుర్తు మీద పెట్టు.

అమ్మా, అది ఇల్లు, లోపల ఆకాశంలోని చుక్క. సుమేరువాళ్ళు అమ్మను అలా రాశారు. లోతుగా నొక్కాను. వేలికి తగులుతోందా?