ఎర్ర కారులో ఎడమ సీటు

అమ్మకు,

వందనాలు. ఆరోగ్యం అడగడానికి ముందే, ఏళ్లుగా నాలుక చివర ఉన్న ప్రశ్న ఒకటి అడిగేస్తాను. నాన్న నన్నూ చెల్లినీ రెండే సీట్లున్న తన ఎర్ర కారులో ఆదివారానికి ఒకరి చొప్పున తిప్పేవాడు కదా, నిన్ను మాత్రం ఒక్కసారి కూడా ఎందుకు ఎక్కించుకోలేదు? ఆయన ఉండగా అడగడానికి భయం, పోయాక నిన్ను అడగడానికి మొహమాటం. ఫోన్‌లో నీకు సరిగా వినపడదు. చెల్లి మధ్యలో ఉండి గట్టిగా అరిచి చెప్పాల్సిన మాట కాదిది. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

నీ నడుము నొప్పి ఎలా ఉంది? డాక్టరు చెప్పినట్టు వీపుకు దిండు పెట్టుకునే కూర్చుంటున్నావా? చెల్లి, మరిదిగారు, పిల్లలు క్షేమమని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు. తార్నాక ఇప్పుడు అలవాటైంది. యూనివర్సిటీ లైబ్రరీలో నాకు పాత పత్రికల గది ఇచ్చారు. పొద్దున్నే చెట్ల కింద నడిచి వెళ్తాను, సాయంత్రాలు ఉన్నట్టుండి వాన పడుతుంది, గొడుగు మర్చిపోవడం లేదు. నల్లకుంట మార్కెట్లో చేపలు దొరుకుతాయి గానీ పులుసు నీ పులుసులా రాదు. వీలైతే ఎవరిచేతనైనా కాస్త ఎండు రొయ్యలు పంపించు. మళ్లీ చెబుతున్నాను, బాగానే ఉన్నాను. చర్చి అయ్యాక ఆదివారం మధ్యాహ్నాలే కొంచెం పొడుగ్గా అనిపిస్తాయి. నాన్న కారును లారీ ఎక్కించి ఇక్కడికి తెప్పించుకున్నది అందుకేనేమో.

కారు యాదగిరి అనే మెకానిక్ షెడ్డులో ఉంది. ఇంజను బాగు చేశాడు. మన మిషన్ హాస్పిటల్ డాక్టరుగారు తన దేశానికి వెళ్లిపోతూ నాన్నకు ఇచ్చిన నాటి చప్పుడే వస్తోంది. సీట్లే పాడయ్యాయి. నీకు గుర్తుండే ఉంటుంది, ఆస్పత్రి మంచాలకు కుట్టగా మిగిలిన ఆకుపచ్చ రెగ్జిన్‌తో నాన్న తనే కుట్టుకున్నాడు. ఎర్ర కారులో ఆకుపచ్చ సీట్లు చూసి ఆస్పత్రి కాంపౌండంతా నవ్వింది. ఇప్పుడు లోపల స్ప్రింగులు విరిగాయి.

"గివి ఇగ కూసునేటియి గావు మేడం, మ్యూజియంల పెట్టేటియి," అన్నాడు యాదగిరి. "కొత్త మాడల్ సీట్లేద్దాం. హెడ్‌రెస్ట్ ఉంటది, బెల్టుంటది. కావాల్నంటే ఏసీ గూడ పెడ్త."

"పైకప్పు గుడ్డదే కదా యాదగిరీ?"

"ఇంకేంది మరి? రోడ్డు మీదున్నోళ్లకు గూడ చల్లగైతది."

ఏసీ వద్దన్నాను, సీటుకు ఒప్పుకున్నాను. నా లెక్క వేరు. క్రిస్మస్ సెలవులకు నువ్వు వస్తావు. నీ నడుము ఆనుకోవడానికి సీటుకు ఎత్తయిన వీపు కావాలి, నిన్ను పట్టి ఉంచే బెల్టు కావాలి. అప్పుడు నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని క్యాంపస్ రోడ్ల మీద మెల్లగా తిప్పొచ్చు. యాదగిరి కొత్త రకం స్పోర్ట్స్ సీటు ఒకటి కొని తెచ్చాడు. మలుపుల్లో మనిషి జారకుండా రెండు పక్కలా ఉబ్బెత్తుగా ఉంది. దాని బోల్టులు మన కారు నేలలోని పాత బెజ్జాలకు కుదరవు, కొత్తవి నాలుగు వేయాలి. ముందు ఊరికే నిలబెట్టి చూశాం. యాదగిరి కూర్చున్నాడు, నేనూ చుడీదార్‌లో కూర్చున్నాను. బ్రహ్మాండం అనుకున్నాం.

అంతలో కూరగాయలకు పోతూ మా ఇంటి ఓనరు సరోజమ్మగారు తొంగిచూశారు. నీ వయసే, నీలాంటి మోకాళ్లే. మీరూ ఒకసారి కూర్చోండి అన్నాను. ఆవిడ సంచీ కింద పెట్టి, అటూ ఇటూ చూసి, "యాదగిరీ, అటు దిర్గు," అని చీర మోకాలి దాకా ఎత్తిపట్టుకుని లోపలికి కాలు పెట్టారు. సగం దాకా వెళ్లి ఆ ఉబ్బు మీద ఇరుక్కుపోయారు. కుచ్చిళ్లు ఒక పక్క, మనిషి ఒక పక్క.

"గిదేం సీటు బిడ్డా! లోపలికి బోరాదు, బయటికి రారాదు. యాదగిరీ, నన్ను గూడ బోల్టేసి బిగిస్తవా ఏంది?" ఆవిడ నవ్వుతూనే ఉన్నారు. "మీ అమ్మ చీర గడ్తదా, డ్రెస్సేస్తదా?"

"చీరేనండీ."

"మరి గిది ఎవల కోసం గొన్నవ్?"

ఇద్దరం కలిసి ఆవిడను బయటికి లాగాం. తర్వాత పాత సీటు పెడితే సులువుగా జారి కూర్చున్నారు. లేవడానికి మాత్రం చెరో చేయీ పట్టాల్సి వచ్చింది. దానికి ఎత్తయిన వీపు లేదు, బెల్టు లేదు.

కానీ నాకు మిగిలింది ఆవిడ చీర ఎత్తే ముందు చూసిన చూపు. ఆ కారు అంత కిందికి ఉంటుంది కదా. ఆదివారం ఆస్పత్రి గేటు ముందు, ఆరాధన నుంచి వచ్చే అందరి ఎదుటా నువ్వు ఆ పని చేయవని నాన్నకు తెలిసి అడగలేదా? లేక ఆయన అడిగితే నువ్వే వద్దన్నావా? లేదా ఎవరికీ ఏమీ తోచనే లేదా? మొదటిదే నిజం అనుకోవాలని ఉంది. నాకు నచ్చింది గనుకే నమ్ముతున్నానేమో అని కూడా ఉంది. అయినా నేను మాత్రం ఏం చేశాను? నీకు ఎక్కాలని ఉందో లేదో అడక్కుండానే సీటు తెప్పించాను.

చెల్లితో చెబితే, "నాన్న కుట్టిన సీటు తీసేస్తావా? అమ్మ ఒక్క రౌండు కోసం నేలకు బెజ్జాలు పొడిపిస్తావా?" అని కోప్పడింది. అదీ నిజమే. ఒకసారి పొడిచాక ఎంత పూడ్చినా నాన్న ఉంచిన నేల కాదు. బెజ్జాలు వేయమంటారా అని యాదగిరి రోజూ ఫోన్ చేస్తున్నాడు.

ఒక పని చేసిపెట్టు. చేయి ఆన్చకుండా నువ్వు లేవగలిగే పీట ఎత్తు చెల్లిచేత కొలిపించి రాయి, సీట్ల ఎత్తుతో పోల్చి చూస్తాను. అన్నిటికంటే ముందు నా ప్రశ్నకు జవాబు నువ్వే రాయి, గుర్తు లేకపోతే లేదనే రాయి.

పాస్టరుగారికీ, కాంపౌండులో పెద్దలందరికీ నా వందనాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. నీ ప్రార్థనలో నన్ను తలుచుకో, నేను క్షేమంగానే ఉన్నాను. నువ్వు కారు ఎక్కనంటే పాత సీటే ఉంచేస్తాను, అది తేలికే. ఎక్కుతానంటే, నిన్ను నాన్న సీటులో కూర్చోబెట్టాలా, కొత్తదానిలో కూర్చోబెట్టాలా అన్నది మాత్రం ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.

నీ దీవెన కోరే పెద్ద కూతురు,
సుజాత